గృహవిజ్ఞానము: అంజూరపు పండు, ఊదాదీపము

గడచిన వానకాలమున మాయింట డబ్బాలోని ఎండు అంజూరములకు బూజు పట్టినది. పురిటికి వచ్చిన మా ఆడుబిడ్డకై కొన్నవి. బడిపంతులుగారి జీతమునకు చౌకవి కావు. అత్తగారు వానిని కడిగి యెండబెట్టుటకు మేడమీదికి గొనిపోవుచుండగా మేమడ్డుపడితిమి. "తేమ పోయిన బూజు పోదా?" యని యామె నొచ్చుకొనిరి. అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమును ఇప్పుడు వ్రాయుచున్నాము.

కడిగిన బూజు పోవును గాని, అది విడిచిన విషము పోదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినవి. వాని మేతలోని వేరుసెనగ పిండియే కారణమని తేలినది. ఆ పిండికి పట్టిన బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్. దానినుండియే విషమునకు అఫ్లటాక్సిన్ అను పేరు వచ్చినది. ఇది నీట సులభముగా కరగదు, పొయ్యిమీది వేడికి పూర్తిగా నశింపదు, కాలేయమున క్యాన్సరు పుట్టింపగలదు. అంజూరమున బూజు తరచుగా పండు కడుపులోనే యుండును. అచ్చటికి ఎండ చేరదు.

అంజూరములు విస్తారముగా పండు టర్కీదేశమున, చీకటిగదిలో అతినీలలోహిత దీపము క్రింద పండ్లను పరచి, పసుపుపచ్చగా మెరయువానిని పనివారు ఏరివేయుదురు. ఇది విని మా చిన్నవాడు నోట్లు సరిచూచు దీపమును తెచ్చి, మెరవని పండొకటి మంచిదని నోట వేసికొనబోయెను! ఆ మెరుపు విషముది కాదు. ఆ బూజే పుట్టించు కోజిక్ ఆమ్లము వలన కలుగునది. మెరవని పండునను విషముండవచ్చును. దీపము అనుమానము చెప్పును గాని తీర్పు చెప్పదు.

తీర్పు ప్రయోగశాలది. ఒక పండు విషమయమై, ప్రక్కపండు నిర్మలముగా నుండవచ్చును గనుక పెద్ద సరకునుండి 30 కిలోల వరకు అచ్చటచ్చట తీసి, నీరు చేర్చి రుబ్బుదురు; మన దోసెపిండి వలెనే. అందు కొంత మెథనాలు కలిపిన నీటితో కలియబెట్టి వడకట్టి, ఆ విషమును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకములుగల చిన్న గొట్టము గుండ పోయుదురు. తక్కినది జారిపోవును. చిక్కిన విషమును మెథనాలుతో విడిపించి, ద్రవ క్రొమటోగ్రఫీ యంత్రమున దాని కాంతిని కొలుతురు. నీలముగా వెలుగునవి బి రకము, ఆకుపచ్చగా వెలుగునవి జి రకము. ఐరోపా సమాఖ్యవారు ఎండు అంజూరమున కిలోకు మొత్తము 10 మైక్రోగ్రాములు, అందు బి1 రకము 6 మాత్రమే హద్దుగా పెట్టిరి. గ్రామును పదిలక్షల పాళ్లు చేసిన అందొక పాలు మైక్రోగ్రాము! ఇంత సూక్ష్మమును మన కన్నుగాని నాలుకగాని కనిపెట్టునా?

డబ్బా అంతయు పారవేసితిమి. అత్తగారు రెండుదినములు ముక్తసరిగా మాటలాడిరి. మూడవనాడు కొత్తపండ్లు రాగా, ఒక్కొక్కదానిని చీల్చి లోపల చూచిన పిమ్మటనే కూతురి చేత పెట్టిరి.