మన కుటుంబం – పాలసీలోని కుటుంబం



ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన పెద్దలు అన్నారు. భాగ్యం నిలకడ లేనిదని చెప్పడానికి పుట్టిన ఆ సామెత నేడు మాటకు మాటగానే నిజమయినది. నిన్నటి దాకా బండి కట్టుకొని జాతరకు పోయిన కుటుంబాలు నేడు టిక్కెట్టు కొని ఓడ ఎక్కుతున్నాయి. మన తూంకుంట, శామీర్‌పేట ప్రాంతాలలో సైతం రాజీవ్ రహదారి పొడవునా ట్రావెల్స్ వారి బోర్డులు కనబడుతున్నాయి.

నిజానికి సముద్ర ప్రయాణం మనకు కొత్త కాదు. 1995 వరకు హజ్ యాత్రికులు బొంబాయి రేవు నుండి ఓడలో జిద్దాకు వెళ్ళేవారు. వారిలో మన హైదరాబాదు పెద్దలూ ఉన్నారు. అది భక్తి యాత్ర. వినోదం కోసం ఓడ ఎక్కడం మాత్రం మన తెలుగువారికి ఇటీవలి మాట. 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు విహార నౌక బయలుదేరినప్పుడు పత్రికలు దానిని పండుగ వలె వర్ణించినవి. 2023 సెప్టెంబరులో అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమయినది. నలుగురు కూడి వెళ్ళడం ఆనందమే. అయితే పన్నెండు మంది కలిసి బయలుదేరుదామనుకున్న చోట ఒక్కరు ఆగిపోవలసి వస్తే ఏమవుతుంది? ఆ నష్టం ఎవరిది? బీమా ఉన్నదిగదా అన్న ధైర్యం ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్నలను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను దగ్గరగా ఎరిగిన ఒక కుటుంబం కథ చెబుతాను. ఇంటికి పెద్ద డెబ్బది నాలుగేండ్ల తల్లి. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వీరు గాక, చిన్నతనంలోనే తల్లి పోగా ఈమె చేతుల మీదుగా పెరిగిన చెల్లెలి కొడుకు ఒకడు. కోడళ్ళు, పిల్లలతో కలిపి పన్నెండు మంది. సింగపూరు నుండి బయలుదేరే ఓడలో ఆరు కేబిన్లు తీసుకొని, అందరికీ ప్రయాణ బీమా చేయించారు. దరఖాస్తులో "పూర్వ వ్యాధులు" అన్న గడి వద్ద పెద్దకొడుకు కలం ఒక్క క్షణం ఆగినది. అంతకు ముందు సంవత్సరమే అమ్మకు గుండెకు స్టెంటు వేశారు. శుభమా అని బయలుదేరుతూ రోగం మాట రాయడమెందుకు, ప్రీమియం కూడా పెరుగుతుందేమో అనుకొని "లేవు" అని రాసినాడు. ప్రయాణానికి ఇరవై రోజుల ముందు ఆమెకు నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. దైవకృప వలన ఆమె కోలుకున్నది. కాని ఆమెతో పాటు కూతురు, పెద్దకొడుకు, చెల్లెలి కొడుకు, అతని భార్య – మొత్తం అయిదుగురు ఆగిపోయినారు.

తరువాత కంపెనీ నుండి ఉత్తరాలు వచ్చినవి. పూర్వ వ్యాధిని దాచినందున తల్లికీ, ఆమె కారణంగా ఆగిన కొడుకుకూ కూతురుకూ చెల్లింపు లేదన్నది ఒకటి. పాలసీలో నిర్వచించిన "సమీప కుటుంబం"లో తల్లి అక్క లేనందున చెల్లెలి కొడుకుకూ, అతని భార్యకూ చెల్లింపు లేదన్నది రెండవది. మొదటి ఉత్తరానికి ఇంటివారు తల వంచుకున్నారు. రెండవదానికి మాత్రం ఆ యువకుడు కన్నీరు పెట్టుకున్నాడు. "నన్ను పెంచిన తల్లి నాకు కుటుంబం కాదా?" అని అతడు అడిగిన ప్రశ్నకు నా వద్ద వెంటనే సమాధానం లేకపోయినది. ఆ సమాధానం వెదకుతూనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బీమా అనగా ఏమి? మన ఊరి పేరు వినగానే తూమూ, కుంటా మనసుకు తోస్తాయి. ఆ పోలికనే తీసుకొందాము. పదిమంది తలా ఒక కడవ నీరు కుంటలో పోస్తారు. ఎవరి మడి ఎండితే వారికి తూము తెరుస్తారు. ఎవరి మడి ఎప్పుడు ఎండుతుందో ముందుగా తెలియదు గనుకనే ఈ ఏర్పాటు సాగుతుంది. మడి ఎండబోతున్నదని తెలిసి, ఆ సంగతి దాచి, నిన్న ఒక కడవ పోసి నేడు తూము తెరవమంటే తక్కిన తొమ్మండుగురికి అన్యాయం జరుగుతుంది. అందుచేతనే తూముకు కొలతలు, కట్టుబాట్లు ఉంటాయి. ఆ కట్టుబాట్లనే మనము పాలసీ షరతులు అంటున్నాము.

ప్రయాణ రద్దుకు పరిహారమన్నది పాలసీలో ఒక భాగము మాత్రమే. సాధారణంగా ప్రయాణికుని మరణము, తీవ్రమైన జబ్బు, ఆసుపత్రిలో చేరిక, లేదా అతని సమీప కుటుంబంలో ఒకరికి అట్టి ఆపద కలగడం వంటి పేర్కొన్న కారణాలకే అది వర్తిస్తుంది. మనసు మారినదని, సెలవు దొరకలేదని, పెండ్లి ముహూర్తం అడ్డు వచ్చినదని అంటే పనికిరాదు. విద్యార్థులు గుర్తుంచుకోవలసినది మరొకటి: విశ్వవిద్యాలయం పరీక్ష తేదీ మార్చినదన్న కారణం కూడా, పాలసీలో విడిగా రాసి ఉంటే తప్ప, చెల్లదు. ఏ కారణానికైనా రద్దు చేసుకొనే వీలు గల బీమా అమెరికాలో దొరుకుతుంది. దానికి ప్రీమియం ఎక్కువ. తొలి అడ్వాన్సు కట్టిన కొద్ది రోజులలోనే కొనాలి. అయినా సొమ్ములో సాధారణంగా సగం మొదలు ముప్పాతిక వంతు వరకే తిరిగి వస్తుంది. ఇంట్లో ఒకరు రాలేకపోవచ్చునన్న అనుమానం ముందే ఉన్నవారికి అక్కడ కూడా పూర్తి రక్షణ లేదన్నమాట.

ఇక కుటుంబము మాట. మన ఇండ్లలో పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ, బాబాయి ఉన్నారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఖాలా, ఫుప్పీ, మామూ, చచా ఉన్నారు. ఒక్కొక్క బంధానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్న భాషలు మనవి. పేరు పెట్టినామంటే ఆ బంధానికి ఒక బాధ్యత కూడా అప్పగించినామని అర్థం. పాలసీ పత్రంలోని కుటుంబం ఇంత పెద్దది కాదు. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, కొన్నింట అత్తమామలు – పట్టిక చాలాసార్లు అంతటితో ముగుస్తుంది. ఖాలా ఆసుపత్రిలో ఉంటే మనకు ఓడ ఎక్కబుద్ధి పుట్టదు; పాలసీ మాత్రం ఎక్కవచ్చునంటుంది. దీనిని కంపెనీ దుర్మార్గమని నేను అనను. పట్టిక పెరిగిన కొద్దీ ప్రీమియం పెరుగుతుంది. కాని ఆ పట్టికను కొనక ముందే చదివి ఉంటే ఆ యువకునికి దారి దొరికేది. కొన్ని పాలసీలలో కుటుంబ సభ్యులతో పాటు "సహ ప్రయాణికుడు" అన్న మాట కూడా ఉంటుంది. బంధుత్వం పట్టికలో లేకపోయినా, ఇద్దరూ ఒకే ప్రయాణానికి పేరు నమోదు చేసుకున్న సహ ప్రయాణికులైతే రక్షణ దొరికే అవకాశముంటుంది. ఒక్క మాట తేడాలో ఎంత సొమ్ము ఉన్నదో చూడండి.

ఆ సొమ్మును లెక్క వేద్దాము. సులువు కొరకు తలకు 50,000 రూపాయలు అనుకొందాము. పన్నెండు మందికి 6,00,000. ఆగిపోయిన అయిదుగురివి 2,50,000. ప్రయాణం దగ్గర పడిన కొద్దీ రద్దు కోత పెరుగుతుంది. చివరి రోజులలో మొత్తం పోవచ్చును. నష్టం అంతటితో ఆగదు. ఓడలో కేబిన్ ధర ఇద్దరి లెక్కన ఉంటుంది. భర్త ఆగిపోగా పిల్లల కోసం వెళ్ళిన పెద్దకోడలు ఆ గదికి ఒంటరిగా మిగిలినది. అట్టివారి మీద పడే అదనపు భారాన్ని అన్ని పాలసీలూ భరించవు. పైగా ప్రయాణ రద్దుకు ఇచ్చే పరిహారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. వైద్య ఖర్చులకు రాసిన పెద్ద అంకెను చూసి, రద్దుకు కూడా అంత వస్తుందని భ్రమపడేవారు మనలో అనేకులు.

సత్యం దాచడం గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. బీమా సముద్ర వ్యాపారంలో ఎదిగిన విద్య. ఓడ స్థితి యజమానికి తెలిసినంతగా బీమా చేసేవానికి తెలియదు. అందుచేత తనకు తెలిసిన ముఖ్య విషయాన్ని దాచరాదని 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పినాడు. మన దేశపు 1963 నాటి సముద్ర బీమా చట్టం కూడా బీమా ఒప్పందానికి పరమ విశ్వాసమే ఆధారమన్నది. నేటి ఆరోగ్య, ప్రయాణ బీమాలకూ సూత్రమదే. 2009లో మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక ఆరోగ్య బీమా వ్యాజ్యంలో, మధుమేహం, మూత్రపిండాల జబ్బు దాచినందున కంపెనీ చెల్లించనవసరం లేదని తీర్పు వచ్చినది. 2021 డిసెంబరులో వచ్చిన మరొక తీర్పు దీనికి జోడుగా చదవదగినది. అమెరికాలో పెండ్లికి బయలుదేరిన ఒక ప్రయాణికుడు తన మధుమేహం సంగతి ముందే చెప్పి విదేశ ప్రయాణ పాలసీ తీసుకున్నాడు. అక్కడ దిగగానే అతనికి గుండె జబ్బు వచ్చినది. కంపెనీ చెల్లించనన్నది. చెప్పిన వ్యాధిని తెలిసి పాలసీ ఇచ్చిన పిమ్మట, అదే వ్యాధిని చూపి తిరస్కరించరాదని సుప్రీంకోర్టు ప్రయాణికుని పక్షం వహించినది. ఈ రెండు తీర్పులను పక్క పక్కన పెట్టి చూస్తే, నిజం చెప్పడం ధర్మమే గాక రక్షణ కూడానని తేటపడుతుంది.

అయితే తప్పంతా ప్రజలదేనా? ముమ్మాటికీ కాదు. చీమ తలకాయంత అక్షరాలలో, కఠినమైన ఇంగ్లీషులో నలభై పుటలు అచ్చు వేసి, "సంతకం ఇక్కడ" అని వేలు చూపే పద్ధతిని ఎవరూ సమర్థించలేరు. ఆరోగ్య పాలసీల ముఖ్యాంశాలను తేలిక మాటలలో ఒక సమాచార పత్రంగా ఇవ్వాలనీ, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలనీ బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించి 2024 జనవరి 1 నుండి అమలు చేసినది. ప్రయాణ బీమా కొనేటప్పుడు కూడా తెలుగులోనో ఉర్దూలోనో అట్టి పత్రం అడగడానికి మనము సిగ్గుపడనవసరం లేదు. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. కంపెనీ నెల రోజులలో సమాధానమివ్వకపోయినా, ఇచ్చిన సమాధానం న్యాయంగా లేకపోయినా, రుసుము లేకుండా ఫిర్యాదు చేసుకొనడానికి బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం కూడా ఈ నగరంలోనే కలదు. దీపం కిందనే చీకటి అన్నట్లు, ఈ సంగతి మనకే తెలియకుండుట విచారకరం.

కావున కాలేజీ కమిటీ పెద్దలకు మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: మన విద్యార్థుల విహార యాత్రలకు అడ్వాన్సు కట్టక ముందే, ఒకరు రాలేకపోతే ఆ సొమ్ము ఎంత వరకు తిరిగి వస్తుంది, మిగిలిన భారం ఎవరిది అన్నది తెలుగు, ఉర్దూలలో రాసి తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. స్నేహాలు చెడేది డబ్బు పోయినప్పుడు కాదు. ఎవరి డబ్బు పోవాలో ముందు మాట్లాడుకోనప్పుడు. రెండవది: విద్యార్థి ఆరోగ్య వివరాలను మూసిన కవరులో తీసుకొని, బాధ్యత గల ఒక్క అధ్యాపకుని వద్దనే ఉంచాలి. నలుగురిలో చెప్పవలసి వస్తుందన్న సంకోచమే చాలా మంది చేత అబద్ధం రాయిస్తుంది. మూడవది: కామర్సు విద్యార్థులు ఏడాదికి ఒకనాడు ఒక నిజమైన పాలసీని తీసుకొని, వాక్యం వాక్యం చదివి, ఇరు భాషలలో విప్పి చెప్పే సభ జరపాలి. ఆ సభకు తల్లిదండ్రులను పిలవాలి.

మిత్రులారా! ఆ యువకుని ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. పెంచిన తల్లి నిశ్చయంగా కుటుంబమే. ఏ కంపెనీ పట్టికా ఆ బంధాన్ని కొట్టివేయజాలదు. కాని బంధానికి మన హృదయం సాక్షి, పరిహారానికి కాగితం సాక్షి. హృదయంలో ఉన్న పేరు కాగితం మీద కూడా ఉన్నదో లేదో చూసుకొనవలసిన పని చదువుకున్న మీది. రేపు మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమయి దరఖాస్తు ముందు కూర్చున్నప్పుడు, మీరు పక్కన కూర్చోండి. "పూర్వ వ్యాధులు" అన్న గడి వద్ద కలం ఆగితే, నాయనమ్మ సంగతి ఉన్నది ఉన్నట్లు రాయమని చెప్పండి. కుంట నిండుగానే ఉండవచ్చును. తూము ఎవరికి తెరుచుకొంటుందో తెలిసినవానికే ఆ నీరు అక్కరకు వస్తుంది.