మరి వెళ్ళేటప్పుడు పిల్లుల్నేం చేస్తారు?

మా ఇంటికొచ్చే తెలుగువాళ్ళు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఎందుకు పెంచుకుంటున్నారని కాదు, ఏం తింటాయని కాదు. టీ కప్పు చేతికి రాగానే, పిల్లి సోఫా ఎక్కగానే, "బావున్నాయి గానీ, మరి వెళ్ళేటప్పుడు వీటినేం చేస్తారు?" అంటారు. ఎక్కడికి వెళ్ళేటప్పుడో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. మన లెక్కలో మనందరం ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయేవాళ్ళమే కదా! ఆ ప్రశ్నంటే నాకు చాన్నాళ్ళుగా కొంచెం మంట. ఎందుకో చెప్తాను.

ముందు మేం ఎక్కడుంటామో చెప్పాలి. ఇంగ్లండ్‌లో, వేల్స్ సరిహద్దు పక్కన, హెరిఫోర్డ్‌షైర్. యాపిల్ తోటలు (తినేవి కాదు, సైడర్ చేసేవి), గొర్రెలు, తెల్ల మొహం ఎర్ర ఆవులు. దగ్గర్లో ఉన్న ఊరు లెడ్‌బరీ. ఓక్ స్తంభాల మీద నిలబడ్డ 17వ శతాబ్దపు మార్కెట్ హౌస్ ఒకటుంది అక్కడ, వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఫోటో దిగుతారు. మేముండే పల్లె అక్కడికి నాలుగు మైళ్ళు. మా ఆయన హెరిఫోర్డ్‌లో ఫార్మసిస్టు. నేను బర్మింగ్‌హామ్‌లో ఒక కంపెనీకి కోడు రాస్తాను. వారానికి రెండ్రోజులు గంటంపావు రైలు, మిగతా మూడ్రోజులు వంటింటి బల్ల. వీధి దీపాల్లేవు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి. ఇల్లు వెచ్చబడేది పెరట్లో ఉన్న ట్యాంకులోని కిరసనాయిలుతో. అవును, రేషన్ షాపులో క్యాన్ పట్టుకుని నిలబడ్డామే, ఆ జాతిదే. "కిరసనాయిలు కోసం ఇంగ్లండ్ దాకా రావాలా" అని మా మావయ్యగారు ఫోన్లో అరగంట నవ్వారు.

మాకొచ్చే చుట్టాలకి ఒక రూట్ ఉంది. లండన్ నుంచో రెడింగ్ నుంచో పొద్దున్నే బయల్దేరి టివిడేల్‌లో బాలాజీ గుడికి వెళ్తారు. 2006లో ప్రతిష్ఠ చేసిన గుడి, ఈ దేశంలో తెలుగువాళ్ళకి తిరుపతి లాంటిది. దర్శనం, ప్రసాదం అయ్యాక, గంట దూరంలో మేమున్నాం అని గుర్తొస్తుంది. వస్తూ వస్తూ బర్మింగ్‌హామ్‌లో కరివేపాకు, ములక్కాడలు కొనుక్కొస్తారు. ఆ ఒక్క మంచితనానికి ఏ ప్రశ్న అడిగినా ఊరుకోవాలి నిజానికి :)

పిల్లులు రెండు. రెండూ షెల్టర్ నుంచి తెచ్చినవే. నల్లదాని పేరు మిరియం, చారలదాని పేరు బుజ్జిగాడు (అది ఆడపిల్లి అని తర్వాత తెలిసింది, పేరు మార్చలేదు). మా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు వాళ్ళమ్మగారిని తీసుకొచ్చాడు ఒకసారి. ఆంటీ కారు దిగి గేటు తీస్తోంటే మిరియం తోక లేపుకుని ఎదురొచ్చింది. ఆవిడ ఒక్క మాట అనకుండా వెనక్కెళ్ళి కార్లో కూర్చుంది, అయిదు నిమిషాలు. ఇక్కడ చాలామందికి నల్లపిల్లి ఎదురొస్తే అదృష్టమని పక్కింటి పెద్దావిడ చెప్తే, "వాళ్ళ దేశం, వాళ్ళ శకునం" అని తేల్చేసింది. సాయంత్రానికి మిరియం ఆవిడ ఒళ్ళోనే పడుకుంది. శకునం సంగతి మాత్రం వెనక్కి తీసుకోలేదు, "బయట ఎదురొస్తేనే తప్పు, ఇంట్లో కాదు" అంది. మంచి ప్యాచ్!

వచ్చేవాళ్ళందరూ ప్రేమతోనే వస్తారు, ఆ ప్రేమతోనే పిల్లుల మీదకి ప్రాణం మీదకి తెచ్చేది. గిన్నెలో పాలు పోస్తారు. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, తర్వాత శుభ్రం చేసేది మేం. మిగిలిన ఉల్లిపాయ కూర కలిపిన అన్నం పెట్టబోతారు. ఉల్లి, వెల్లుల్లి రెండూ వాటికి విషమే, రక్తకణాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే ఘోరం పూలగుత్తి. సూపర్‌మార్కెట్లో కొన్న గుత్తిలో తెల్లగా, అందంగా లిల్లీలుంటాయి. ఆ పూల పుప్పొడి ఒంటికి అంటుకుని, పిల్లి నాక్కుంటే చాలు, మూత్రపిండాలు పోయే ప్రమాదం. అందుకే మా ఇంటికి పూలు తెచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి, గుత్తిని కార్లో పెట్టించి వస్తాను. మర్యాద కాదని తెలుసు. దానికి బదులన్నట్టు బుజ్జిగాడు పొలం ఎలుకని పట్టుకొచ్చి అతిథి చెప్పుల పక్కన పెడుతుంది. అదీ మర్యాదే, దాని లెక్కలో.

సరే, అసలు విషయం.

ఆ క్లాస్‌మేట్ ఇంటికి మేమూ వెళ్ళాం, రెడింగ్‌కి. వాడొచ్చి నాలుగేళ్ళయింది. ఇద్దరికీ మంచి జీతాలు. మంచానికి కాళ్ళు లేవు, పరుపు నేల మీదే ఉంది. టీవీ అది వచ్చిన అట్టపెట్టె మీదే నిలబడి ఉంది. గోడకి ఒక్క మేకు లేదు. పెరట్లో నడుమెత్తు గడ్డి. అడిగితే "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అన్నాడు. డబ్బు దాచుకోవడం వేరు, దాన్ని నేనేమీ అనను, ఊళ్ళో అప్పులున్నవాళ్ళున్నారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నవాళ్ళున్నారు. ఇది అది కాదు. ఇది రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో సంసారం చెయ్యడం. పక్కింటివాళ్ళ పేరేంటంటే వాడికీ తెలీదు, వాళ్ళావిడకీ తెలీదు.

ఆ వెయిటింగ్ రూమ్ ఎంతకాలమో ఎవరి చేతుల్లోనూ లేదు. 2025 మేలో ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రంలో, శాశ్వత నివాసానికి మామూలుగా పట్టే 5 ఏళ్ళని 10 ఏళ్ళు చెయ్యాలని ప్రతిపాదించారు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులు ఎలా అట్టుడికిపోయాయో చూసే ఉంటారు. నాకూ కోపమొచ్చింది. కానీ ఆ కోపంలో ఒకటి తట్టింది. అయిదేళ్ళు మంచానికి కాళ్ళు లేకుండా పడుకోగలం. పదేళ్ళు? ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఎనిమిది దాకా? మన వయసు దాన్ని బట్టి ఆగదు కదా.

క్లాస్‌మేట్ ఊరుకునే రకం కాదు. "ఉద్యోగం పోతే స్పాన్సర్ పోతాడు. మామూలుగా 60 రోజులిస్తారు. అరవై రోజుల్లో నువ్వు ఇల్లు సర్దుతావా, పిల్లుల్ని సర్దుతావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే దేశం వదిలే రోజు పిల్లిని రోడ్డు మీద వదిలేసేవాళ్ళకి అసలు పెంచే అర్హత లేదు. అందుకే మేం లెక్క ముందే వేసుకున్నాం. మకాం మార్చుకుని ఇండియా వచ్చే మనిషి రెండు పెంపుడు జంతువుల దాకా తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లో యానిమల్ క్వారంటైన్ కేంద్రం ఉంది, కాబట్టి అక్కడే దిగొచ్చు. రేబిస్ టీకా వేయించి నెల దాటి ఉండాలి. ఇక్కడ కుక్కల్లో, పిల్లుల్లో రేబిస్ లేదు కాబట్టి వెట్ మామూలుగా ఆ టీకా వెయ్యరు. మేం అడిగి మరీ వేయిస్తున్నాం, ప్రతి ఏడూ. మా వెట్ మొదటిసారి వింతగా చూశాడు. మైక్రోచిప్ ఎలాగూ ఉంది, ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పిల్లులకి అది తప్పనిసరి, లేకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. విమానం ఖర్చుకి ఒక అకౌంట్‌లో నెలనెలా కొంత వేస్తున్నాం. అదే ఇండియా నుంచి ఇక్కడికి తేవాలంటే రక్తపరీక్ష, ఆపైన మూడు నెలల ఆగడం, అదింకా కష్టం.

అంటే వెళ్ళేటప్పుడేం చేస్తామన్నదానికి మా దగ్గర జవాబుంది. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ ప్లాన్. రోల్‌బ్యాక్ రాసిపెట్టుకునేది ధైర్యంగా రిలీజ్ చెయ్యడానికి గానీ, రిలీజే మానుకోడానికి కాదు కదా?

"ఓనర్ ఒప్పుకోడు" అనేది ఇంకో మాట. మా ఓనరు రైతు, ఎలుకలు తగ్గుతాయని సంతోషించాడు, మాది అదృష్టం. కానీ 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టంలో, పెంపుడు జంతువుకి అనుమతి అడిగితే సరైన కారణం లేకుండా కాదనకూడదని రాశారు. కాబట్టి కనీసం అడగండి. ఇంట్లోకి మాంసం రానివ్వం అనే శాకాహారుల మాట మాత్రం నేనొప్పుకుంటాను. పిల్లి మాంసాహారి, పప్పన్నంతో బతకదు, దాన్ని మన మడిలో కలపకూడదు.

పిల్లుల వల్ల మాకు జరిగిన మేలొకటుంది. మొదటిసారి మూడు వారాలు ఇండియా వెళ్ళాల్సొచ్చినప్పుడు తాళంచెవి ఎవరికివ్వాలో తెలీలేదు. సిగ్గుపడుతూ పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టాం. అప్పటికి ఏడు నెలలుగా "హలో" తప్ప మాట లేదు. ఇప్పుడు ఆవిడ బీరువా తాళం మా దగ్గరుంది, మా ఇంటిది ఆవిడ దగ్గర. ఆవిడ మందుల చీటీ మా ఆయన చదివిపెడతాడు. చలికాలంలో ఆవిడ పొగగొట్టం నుంచి పొగ రాకపోతే నేను వెళ్ళి చూసొస్తాను. పులిహోర అంటే ఆవిడకి ప్రాణం, కారం ఎక్కువైందని ప్రతిసారీ అంటుంది, గిన్నె మాత్రం ఖాళీ. "మనవాళ్ళెవరూ లేని చోట ఎలా ఉంటున్నారు" అని అడిగేవాళ్ళకి ఈవిడని చూపిస్తాను.

మా క్లాస్‌మేట్ కూతురికి ఏడేళ్ళు. ఇక్కడి నుంచి వెళ్ళేప్పుడు ప్రతిసారీ ఏడుపే. ఆదివారం వీడియో కాల్ చేసి మిరియాన్ని చూపించమంటుంది, అది కెమెరాకి వీపు చూపించి కూర్చుంటుంది, అయినా చూస్తూనే ఉంటుంది. వాళ్ళ నాన్న "ఇండియా వెళ్ళాక కొనిస్తా, లేకపోతే ఇక్కడే పర్మనెంట్ అయ్యాక" అంటున్నాడట. ఆ పదేళ్ళ లెక్కే పట్టుకుంటే ఇంకా ఆరేళ్ళు. ఆ పిల్లకి అప్పటికి పదమూడు వస్తాయి. పదమూడేళ్ళ పిల్లకి పిల్లి కావాలో, ఫోను కావాలో మీరే చెప్పండి. మొన్న వాడికి రెడింగ్ దగ్గర్లో ఉన్న షెల్టర్ నంబరు పంపాను. బ్లూ టిక్కులైతే పడ్డాయి.