లెక్కల పీరియడ్‌లో ఇంటి లెక్క

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకునేలా రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు వీలు కల్పించింది. మంచిదే. కానీ డబ్బు ఎలా పెరుగుతుందో, అప్పు అంతకన్నా వేగంగా ఎలా పెరుగుతుందో వారికి చెప్పేదెవరు? చక్రవడ్డీ సూత్రం పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్ష రాసి మరిచిపోతున్నారు. మన ఊళ్లలో ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 36 శాతమని, నెలనెలా వడ్డీ అసలులో కలుస్తూ పోతే పదివేల బాకీ ఏడాదిలో 14,250 రూపాయలు దాటుతుందని ఆ సూత్రంతోనే పిల్లలు లెక్క కట్టగలరు. 2020లో రుణ యాప్‌ల వేధింపులు తాళలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారిలో చదువుకున్నవారూ ఉన్నారు.

పన్ను అంటే ఉద్యోగం వచ్చాక కట్టేదనుకుంటారు పిల్లలు. వారు కొనే బిస్కెట్ ప్యాకెట్ ధరలోనే జీఎస్టీ ఉంది. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి వెళుతుంది. ఊరి రోడ్డు, సర్కారు బడి ప్రజలు కట్టిన ఇలాంటి సొమ్ముతోనే నడుస్తాయని తెలిసిన పిల్లలు రేపు రోడ్డు మీది గుంత గురించి అడుగుతారు. అడగాలి కూడా.

ఇవన్నీ నేర్పడానికి కొత్త సబ్జెక్టు, కొత్త పరీక్ష వద్దు. ఒక కిరాణా బిల్లు, ఒక కరెంటు బిల్లు, ఒక పాస్‌బుక్ తరగతికి తెప్పిస్తే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే విద్యా సంవత్సరం నుంచే వారానికి ఒక లెక్కల పీరియడ్ దీనికి కేటాయించాలి.