మైదానం లేని నౌక

అంతరిక్ష నవల ఏది చేతికి వచ్చినా నేను రెండు విషయాల కోసం వెతుకుతాను. ఆ లోకంలో పిల్లలు ఎక్కడ చదువుకుంటారు? సాయంత్రం పూట ఏ ఆట ఆడుకుంటారు? నౌక ఎంత వేగంతో పోతుందో, ఆయుధం ఎంత దూరం కాలుస్తుందో దాదాపు ప్రతి రచయితా చెబుతాడు. బడినీ మైదానాన్నీ ఊహించేవాళ్ళు తక్కువ. అలా ఊహించినవాళ్ళ పుస్తకాలే నేను మళ్ళీ మళ్ళీ తీసి చదువుతుంటాను.

నెడి ఒకోరాఫోర్ 2015లో ప్రచురించిన 'బింటి' అలాంటిది. హింబా తెగకు చెందిన పదహారేళ్ళ పిల్లకు గణితంలో ఉన్న ప్రతిభ వల్ల ఊమ్‌జా విశ్వవిద్యాలయంలో సీటు వస్తుంది. అది వేరే గ్రహం. గ్రహమంతా విశ్వవిద్యాలయమే. విద్యార్థుల్లో మనుషులు నూటికి అయిదుగురు మాత్రమే. సొంత నేలను వదిలి కదలని జాతి కనుక, ఆ పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చీకటితో బయలుదేరుతుంది. ఒంటికి పూసుకునే ఎర్రమట్టిని డబ్బాలో వెంట తీసుకుపోతుంది. ఆస్ట్రేలియా విమానాశ్రయంలో క్వారంటైన్ అధికారి ముందు ఆవకాయ సీసా చేత పట్టుకుని నిలబడిన తెలుగు విద్యార్థికి ఆ మట్టి డబ్బా ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ కథలో నన్ను పట్టి ఆపిన సంగతి మరొకటి ఉంది. నౌక మీద దాడి చేసిన మెడ్యూస్ జాతివాళ్ళకు ఒక న్యాయమైన పగ ఉంది. వాళ్ళ నాయకుడి శరీర భాగాన్ని విశ్వవిద్యాలయం వాళ్ళు కోసి తెచ్చి ప్రదర్శనశాలలో పెట్టుకున్నారు. బింటి మధ్యవర్తిత్వంతో విశ్వవిద్యాలయం తన తప్పు గ్రహించి దానిని తిరిగి ఇస్తుంది. ఇది కట్టుకథ అనుకోవడానికి వీలులేదు. న్యూ సౌత్ వేల్స్‌లోని ముంగో సరస్సు దగ్గర 1974లో దాదాపు 42,000 ఏళ్ళ నాటి మనిషి అస్థికలు బయటపడ్డాయి. పరిశోధన కోసం వాటిని కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి తీసుకుపోయారు. ఆ నేల మూలవాసులు దశాబ్దాల పాటు అడగగా అడగగా, 2017 నవంబరులో 'ముంగో మనిషి' తన చోటికి తిరిగి వచ్చాడు. జ్ఞానం కోసమని తీసుకున్నది కూడా దొంగసొత్తు కావచ్చునని ఒప్పుకోగల విశ్వవిద్యాలయమే గ్రహాంతరాలకు వెళ్ళడానికి అర్హమైనదని నా అభిప్రాయం.

అర్సులా లెగ్విన్ 'ది డిస్పొసెస్డ్' (1974) వేరే ప్రశ్న వేస్తుంది. బీడు చంద్రగ్రహం నుంచి సంపన్న గ్రహానికి వచ్చిన భౌతికశాస్త్రవేత్త షెవెక్‌కు అక్కడి పరీక్షల పద్ధతి అంతుపట్టదు. అందరికీ ఒకే పెద్ద మార్కు వేస్తానంటాడు. అభ్యంతరం చెప్పేది పాలకులు కారు, విద్యార్థులే! పక్కవాడికంటే ఒక మెట్టు పైన ఉన్నామని తెలియకపోతే చదివి ఏం లాభమని వాళ్ళ బాధ. ఈ ఘట్టం చదివినప్పుడల్లా ర్యాంకుల ప్రకటనలతో నిండిన మన దినపత్రికల మొదటి పేజీలు కళ్ళముందు మెదులుతాయి.

గ్రహాంతర విద్య నిజంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నవలల దాకా పోనక్కరలేదు. ఈ దేశపు నడిగడ్డ చాలు. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలైంది. వందల మైళ్ళ అవతల పశువుల క్షేత్రాల్లో పెరిగే పిల్లలకు, ఫ్లయింగ్ డాక్టర్ సేవ కోసం ఏర్పడిన రేడియోలోనే పాఠాలు చెప్పారు. రోగికి వైద్యుణ్ణి, పిల్లవాడికి గురువును ఒకే రేడియో చేరవేసిందన్న సంగతి వైద్యుడిగా నాకు ఇష్టమైన చరిత్ర. అదే దారిలో ఆర్మిడేల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్ 1955లో దూరవిద్య ప్రారంభించింది. మన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలిసింది. అంగారకుడి మీది విద్యార్థి ప్రశ్న భూమికి చేరడానికి, గ్రహాల దూరాన్ని బట్టి, మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. జవాబు వెళ్ళడానికి మళ్ళీ అంతే. ఉత్తరాల ద్వారా చదువుకున్న తరాలకు అదేమంత పెద్ద దూరం కాదు.

కానీ ఆలిస్ స్ప్రింగ్స్ బడి నేర్పే అసలు పాఠం వేరు. ఆ పిల్లలను ఏడాదిలో కొన్ని వారాలు పట్నానికి రప్పిస్తారు. దూరం నుంచి మాత్రమే తెలిసిన తోటివాళ్ళతో కలిసి కూర్చోవడానికీ, కలిసి ఆడుకోవడానికీ. పాఠం ఎంత దూరమైనా పంపవచ్చు. ఆటను పంపడం కుదరదు. దానికి మనుషులు ఒకచోట చేరాలి.

చోటు దొరకని చోట ఆట ఏమవుతుంది? 1970 జూన్‌లో సోయుజ్-9లోని ఇద్దరు సోవియట్ వ్యోమగాములు భూమి మీదివాళ్ళతో చదరంగం ఆడారు. ఆట సమంగా ముగిసింది. ఆ ఇరుకు నౌకలో పద్దెనిమిది రోజులు గడిపి దిగినప్పుడు మాత్రం ఇద్దరూ సరిగా నడవలేకపోయారు. మెదడుకు ఆట దొరికింది కానీ కాళ్ళకు నేల దొరకలేదు. ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రోజుకు సుమారు రెండు గంటల వ్యాయామం తప్పనిసరి. అది లేకపోతే తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతుంది. 2007లో సునీతా విలియమ్స్ అక్కడి ట్రెడ్‌మిల్ మీద నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో మారథాన్ పరుగు పూర్తిచేసింది. అయినా వ్యాయామం మందు, ఆట అన్నం. మందుతో బతకవచ్చు, మందు కోసం ఎవరూ బతకరు. 1971లో అలన్ షెపర్డ్ గోల్ఫ్ కర్ర తలను మేజోడులో దాచుకుని చంద్రుడి మీదికి తీసుకుపోయింది ఆరోగ్యం కోసం కాదు. బంతి మైళ్ళ దూరం పోయిందని అతడు గొప్ప చెప్పుకున్నాడు. తరువాత ఛాయాచిత్రాలు పరీక్షించి చూస్తే దాదాపు నలభై గజాలు. ఆటగాడి కోతలు ఏ గ్రహం మీదనైనా ఒకటే!

చంద్రుడి మీద మన క్రికెట్ ఏమవుతుందో ఊహించండి. ఆకర్షణ ఆరో వంతు. ఇక్కడి డెబ్బై మీటర్ల సిక్సర్, గాలిని లెక్కలోంచి తీసేస్తే, అక్కడ నాలుగు వందల మీటర్లు దాటుతుంది. గాలి లేకపోతే స్వింగ్ బౌలింగ్ కూడా లేదు. అక్కడికి తగిన ఆట మనవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. చెడుగుడుకు బ్యాటు, బంతి, వల ఏవీ అక్కరలేదు. రాకెట్‌లో ఒక్క గ్రాము బరువు పెరగదు. గాలిని లెక్కపెట్టి పీల్చుకోవలసిన చోట, ఒక్క ఊపిరి మీద కూత పెట్టి అవతలి గీత దాటి తిరిగి రావడం కంటే అర్థవంతమైన ఆట ఏముంటుంది? ఏ నవలా దానిని అంతరిక్షంలో ఆడించినట్లు నాకు తెలియదు. తెలుగు రచయితలు ఎవరైనా ఆ పని చేస్తే సంతోషిస్తాను.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. అంగారకుడి ఆకర్షణ భూమి ఆకర్షణలో 38 శాతం. అక్కడే పుట్టి పెరిగిన పిల్లల ఎముకలూ గుండే ఆ బరువుకే అలవాటు పడతాయి. వాళ్ళు ఒలింపిక్స్‌కు రాలేకపోవచ్చు. అది పెద్ద నష్టం కాదు. అమ్మమ్మను చూడటానికి కూడా రాలేకపోవచ్చు.

పెర్త్ నివాసి గ్రెగ్ ఈగన్ 1999లో రాసిన 'బార్డర్ గార్డ్స్' కథ క్వాంటం ఫుట్‌బాల్ ఆటతో మొదలవుతుంది. బంతి బదులు సంభావ్యతా తరంగాన్ని గోలు వైపు తోయాలి. గణితం రానివారికి ఆ నియమాలు కష్టమే. అయితే ఆ కథ నడిచేది మరణం లేని సమాజంలో. నాయకుడు జమీల్ దిగులు నుంచి అప్పుడప్పుడే తేరుకుంటూ, మైదానం నుంచి వినవచ్చిన కేకలకు అటు నడుస్తాడు. చావును జయించిన మనిషికి కూడా దిగులు పోవాలంటే పదిమందితో కలిసి పరుగెత్తడమే దారి అయింది. ఈ రచయిత మనసు నాడి పట్టుకున్నాడనిపించింది.

"ప్రతి కిలోకూ లెక్క ఉండే నౌకలో మైదానం విలాసం కాదా?" అని అడగవచ్చు. ఈ వాదన మనకు కొత్త కాదు. ఆకాశం కనిపించని గదులు, వేకువ నుంచి రాత్రి దాకా గంట కొట్టినట్టు సాగే దినచర్య, బయటికి పోవడానికి అనుమతి చీటీ, వారానికోసారి ఇంటికి ఫోను, గమ్యం చేరేదాకా దిగడానికి వీలులేని ప్రయాణం. వర్ణన ఏ తరాల నౌకదో అనిపిస్తుంది. ఇది మన పట్టణాల్లోని రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ కాలేజీ. అంతరిక్షయుగం రాకముందే మైదానం లేని నౌకలు వందల కొద్దీ కట్టి, వాటిలో లక్షల మంది పిల్లలను ఎక్కించాము. ఆ ప్రయాణంలో కొందరు పిల్లలు గమ్యం చేరకుండానే రాలిపోవడం మనకు ప్రతి ఏడాదీ తెలిసిన వార్తే.

ఆ నౌక దిగి మరో నౌక ఎక్కినవాళ్ళు నాకు ఇక్కడ కనిపిస్తుంటారు. ఈ దేశం 2024లో విద్యార్థి వీసా రుసుమును 710 డాలర్ల నుంచి 1,600 డాలర్లకు పెంచింది. పక్షానికి 48 గంటలు పని చేసుకోనిస్తుంది. రాత్రి పెట్రోలు బంకులో పనిచేసి పగలు తరగతిలో కునుకు తీసే కుర్రవాణ్ణి "ఏ ఆట ఆడుతావు బాబూ?" అని అడిగాను. "ఆటలేమిటి అంకుల్, ఇంటర్‌లోనే మానేశాను కదా" అన్నాడు. అతడి రక్తపోటు అప్పటికే ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంది. విశ్వవిద్యాలయం అతడికి చదువుల తల్లి ఒడి కాదు, సరిహద్దు దాటించే పడవ. ఇదే తీరు కొనసాగితే రేపు ఊమ్‌జా గ్రహానికి కూడా మనం పంపేది బింటిలను కాదు, వీసా కోసం చదివే అలసిన పిల్లలనే.

మన గతం ఇలా లేదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, బౌద్ధ విహారాలు ఉండేవి. సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది. అక్కడి శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి పేర్లను స్మరిస్తుంది. అదే లోయలో, నాలుగు వైపులా మెట్ల వరుసలతో ఒక క్రీడారంగాన్ని కూడా తవ్వకాల్లో కనుగొన్నారు. సాగర్ జలాశయం లోయను ముంచివేసే ముందు విహారాలతో పాటు దానిని కూడా ఎంచి, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు.

ముంపు వచ్చినప్పుడు ఏది మోసుకుపోవాలో ఆనాటి పురావస్తు శాస్త్రవేత్తలకు తెలిసింది. భూమిని విడిచే రోజు వస్తే మన సామానులో చదువుల పక్కన ఆటకు చోటు ఉంటుందా అన్నది నవలాకారులు తేల్చవలసిన ప్రశ్న కాదు. ఈ జూన్‌లో పిల్లవాణ్ణి ఏ కాలేజీలో చేర్పించాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు తేల్చవలసినది. సీటు అడిగే ముందు మైదానం ఎక్కడుందో అడగండి.