మిట్టపల్లముల బండి

మన పెద్దాపురము మెట్టకును మాగాణికిని నడుమనున్న యూరు. ఒక ప్రక్క జగ్గంపేట, ఏలేశ్వరములు దాటి పోయినచో ఏజెన్సీ కొండలు. మరియొక ప్రక్క సామర్లకోట దాటినచో కాలువలు, గట్లు, వరిచేలు. తారురోడ్లు ఎంత పెరిగినను పుంతదారియు, చేనిగట్టును, కొండబాటయు మన సీమలో మాయమైపోవు. అట్టి దారులలో నడువదగిన బండిని నిర్మించుట మన విద్యార్థులు నేర్వవలసిన విద్యయని మా యభిప్రాయము. ఆ విద్యకు మొదటి పాఠము, బరువును క్రిందికి దింపుట.

ప్రతి వస్తువునకును దాని బరువంతయు ఒక్కచోట కూడియున్నట్లు లెక్కింపదగిన బిందువొకటి కలదు. దానిని గురుత్వ కేంద్రమందురు. బండి ప్రక్కకు ఒరిగినపుడు ఆ బిందువునుండి నిట్టనిలువుగా దింపిన గీత చక్రముల నడుమ పడునంతవరకు బండి నిలుచును. గీత చక్రమునకు వెలుపలికి పోయినంతనే బోల్తాపడును. చక్రముల నడిమి దూరము 4 అడుగులును, గురుత్వ కేంద్రము నేలకు 2 అడుగుల యెత్తునను ఉన్న బండి 45 డిగ్రీల వాలువరకు నిలువగలదని లెక్క. కేంద్రము 4 అడుగుల యెత్తునకు లేచినచో 27 డిగ్రీలు నిండకమునుపే పడిపోవును. ఇది కదలక నిలిచిన బండి లెక్క. వేగము, మలుపు, గతుకు, మెత్తని నేల తోడైనచో మరింత ముందే పడును.

మన రైతులకు ఈ సంగతి క్రొత్తది కాదు. బస్తాలను అడుగున పేర్చి, తేలిక సామానును మీద వేసి బండి కట్టుట వారి యలవాటు. నేడు ట్రాక్టరు చక్రములకు ఇనుప దిమ్మలు బిగించుటయు, టైర్లలో నీరు నింపుటయు చూచుచున్నాము. ఆ బరువు పట్టును పెంచుటకే యైనను, నేలకు దగ్గరగా నుండుటచే నిలుకడకును తోడ్పడును.

ఇక్కడ ఒక యాక్షేపణ కలదు. బండిని క్రిందికి దింపినచో పుంతలో రెండు చాళ్ల నడిమి దిబ్బకు దాని పొట్ట తగిలి చిక్కుకొనదా? తప్పక చిక్కుకొనును. అందుచేతనే కొందరు యువకులు పెద్ద టైర్లు వేసి, స్ప్రింగులు లేపి, బండిని ఒంటెవలె చేయుచున్నారు. రాళ్లు తప్పును గాని వాలులో ప్రాణము మీదికి వచ్చును. చక్రములను ఎడముగా పెట్టినచో నిలుకడ పెరుగును. అయినను ఇరుకు గట్టు మీదను, పుంత చాళ్లలోను మిక్కిలి వెడల్పైన బండి యిమడదు. కావున మేలైన మార్గమేమనగా, పొట్టను దారికి వలసినంత యెత్తుననే యుంచి, అంతకు మించి లేపకుండుట. యింజను, గేరుపెట్టె, బ్యాటరీ, నూనెతొట్టి మొదలగు బరువులను ఆ పొట్టకు వెంటనే పైన అమర్చుట. మీది కట్టడమును తేలిక గొట్టములతో చేయుట. చిన్న బండిలో నడుపువాని బరువే గొప్ప భాగము గనుక అతని యాసనమును గూడ దింపవలెను.

1941లో అమెరికా సైన్యమునకై తయారైన విల్లీస్ జీపును చూడుడు. ముందు వెనుక చక్రముల నడుమ 80 అంగుళములు, కుడి యెడమ చక్రముల నడుమ సుమారు 49 అంగుళములు. గోడలు పొట్టివి, పైకప్పు గుడ్డ. ఆ జాతి బండ్లను మహీంద్రావారు 1947 నుండి బొంబాయిలో కూర్చిరి. మన కొండదారులు వానికి బాగుగా పరిచితములు. అట్టి బండి సుమారు 1,100 కిలోలు తూగును. దాని కేంద్రము 2 అడుగుల యెత్తున నున్నదనుకొందము. టాపుమీద 60 కిలోల మనుష్యులు 5 గురు కూర్చుండిరనుకొందము. వారి బరువు నేలకు 7 అడుగుల యెత్తున పడును. అంతట మొత్తము కేంద్రము 3 అడుగులకు మించి లేచును. 45 డిగ్రీలకు నిలువదగిన బండి 33 డిగ్రీలకే పడును. బండిని చేసినవారి నేర్పంతయు టాపుమీది యయిదుగురితో తుడిచిపెట్టుకొని పోవును. ఘాటు మలుపులలో ఈ 12 డిగ్రీలే ప్రాణములు.

లండను రెండంతస్తుల బస్సులకు మీది యంతస్తున మనుష్యులకు బదులు ఇసుక సంచులు నింపి, 28 డిగ్రీలు వంచి, పడకున్ననే మంచిదని యెంచుదురు. మన బండ్లను ఎవరు వంచి చూచుచున్నారు?

ఈ విద్య పెద్ద కర్మాగారములలోనే పుట్టవలెనను నియమము లేదు. 1976లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో విద్యార్థులు తామే కట్టిన బండ్లతో బాహా యను పోటీ మొదలైనది. మన దేశమున నది 2007లో ప్రారంభమైనది. అందు అందరికిని ఒకే తరహా యింజను, గెలుపు కూర్పులోనున్నది. ఇట్టి పోటీలకు పోవు యువకులు కళాశాలలో చేరినతరువాత గాని సుత్తి పట్టకుండుట లోపమని మా తలంపు.

మన పాఠశాలయందు దీనికి గొప్ప వ్యయము పనిలేదు. ఒక పలక, ఒక కోణమానిని, చెక్కబండి, ఇటుకముక్క చాలును. ఇటుకను బండి యడుగున నొకసారి, టాపుమీద నొకసారి కట్టి, పలకను మెల్లగా లేపి, ఎన్ని డిగ్రీలకు పడునో పిల్లలే వ్రాసికొనవలెను. మరుసటి యేడు ఉన్నత తరగతులవారు పాత సైకిలు చక్రములతో నిజమైన బండినే కట్టవచ్చును. చేతిపనివలన చదువు చెడునని తలిదండ్రులు భయపడనక్కరలేదు. త్రికోణమితి నల్లబల్లనుండి దిగి నేలమీద నడుచుట ఇట్లే.

ఆ యిటుక పడుటను కన్నులార చూచిన బాలుడు రేపు ట్రాక్టరు తొట్టిని నడిపినను, జీపు నడిపినను, టాపుమీదికి ఎక్కబోవువానిని దిగుమని చెప్పగలడు. ఆ మాట చెప్పగల ధైర్యము లెక్క తెలిసినవానికే కలుగును. ఉపాధ్యాయులు ఈ సంగతిని ఆలోచింతురు గాక.