కోరంగి వాళ్ల దీవిలో జలపాతం

కొవ్వూరు వాళ్లకి నీళ్లు కొత్త కాదు. గోష్పాద రేవులో నిలబడితే ఎదురుగా రాజమండ్రి వరకూ నీళ్లే. అయితే మా గోదారి ఇక్కడ దూకదు, పరుపు మీద పడుకున్నట్టు సాగిపోతుంది. దూకే నీళ్లు చూడాలంటే ఏటి అవతల రంపచోడవరం దాకా వెళ్లాలి. అందుకే పిల్లలు ‘మారిషస్ వెళ్లి రండి’ అని టిక్కెట్లు తీసి పంపితే, మా ఆవిడ బీచ్‌ల సంగతి అడగనే లేదు. ‘‘జలపాతాలున్నాయా?’’ అంది.

ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో కేవలం 1,865 చదరపు కిలోమీటర్ల దీవి అది. లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన లావాతో తయారైంది. మధ్యలో పీఠభూమి, చుట్టూ సముద్రం. పైన కురిసిన వాన కిందికి దిగాలంటే ఎక్కడో ఒకచోట దూకాల్సిందే. ముంబయి నుంచి విమానంలో ఆరు గంటల ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. అక్కడి డబ్బునీ రూపాయే అంటారు.

మేం కుదుర్చుకున్న టాక్సీ డ్రైవరుకి యాభై ఏళ్లుంటాయి. మాతో ఇంగ్లీషు, ఫోనులో ఫ్రెంచి, దారిలో కనిపించిన స్నేహితులతో క్రియోల్. కారు దీవి నైరుతి వైపు తిరిగాక అటూ ఇటూ చెరకు తోటలు మొదలయ్యాయి. చాగల్లు రోడ్డులో పోతున్నట్టే ఉంది. తేడా ఒక్కటే. తోటల మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు, ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి. గుడి గోపురాలేమో అనుకున్నాం.

‘‘మా ముత్తాతలు ఏరినవండీ’’ అన్నాడు డ్రైవరు. ‘అండీ’ మాత్రం తెలుగులో! మా ఆవిడ ఉలిక్కిపడింది. ‘‘మీరు తెలుగువాళ్లా?’’

అతను నవ్వాడు. వాళ్లింట్లో ఉగాది చేస్తారట. ఆ రోజు అక్కడ దేశమంతా సెలవు. అమ్మోరు పండగ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ రామభజన చేస్తారు. పాటలు వచ్చు, మాటలు రావు. అమ్మ, నాన్న, నీళ్లు, అన్నం, అండీ... ఇంతే మిగిలింది.

చమరెల్ జలపాతం చూడటానికి టిక్కెట్టు కొని లోపలికి వెళ్లాలి. కాస్త దూరం కారులో వెళ్లి, మెట్లెక్కితే కటకటాల వెనక నుంచి కనిపిస్తుంది. పచ్చటి అడవి మధ్యలో గొడ్డలితో నరికినట్టు నిలువు కొండచరియ. దాని మీంచి సుమారు 83 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు ఒకే దూకుడుగా పడుతున్నాయి. మధ్యలో ఎక్కడా రాయిని తాకకుండా, కింద మడుగులోకి. మనం నిలబడ్డ చోటికి తుంపర రాదు, హోరు మాత్రం వస్తుంది. లోయలో తెల్లటి పక్షులు, పొడుగాటి తోకతో, గాలిపటాల్లా తిరుగుతున్నాయి. ఎయిర్ మారిషస్ విమానం తోక మీద బొమ్మ ఈ పక్షిదే.

అక్కణ్నుంచి దగ్గర్లోనే ఏడు రంగుల మట్టిదిబ్బలు. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు... చీర కుచ్చిళ్లు పరిచినట్టుంటాయి. లావా రాయి వానలకి నాని మట్టిగా మారినప్పుడు తేలిగ్గా కరిగేవి కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఎర్ర రంగులు ఇనుము పుణ్యం, నీలం ఛాయలు అల్యూమినియం పుణ్యం. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి.

నడవగలిగినవాళ్లకి టామరిన్ జలపాతాలున్నాయి. ఒకదాని కింద ఒకటిగా ఏడు. హెన్రియెట్టా అనే ఊరి దగ్గర మొదలుపెట్టి దిగాలి. తెలిసిన గైడు లేకుండా వెళ్లకూడదు. పైన వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీరు పెరిగిపోతుంది. రాళ్లు పాచిపట్టి ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా నీళ్లు పుష్కలం, కానీ అవి తుపానుల రోజులు. మే, జూన్ నెలల్లో అయితే నీళ్లూ ఉంటాయి, చల్లగానూ ఉంటుంది. మన వేసవి చివర వాళ్లకి చలికాలం మొదలు.

చమరెల్ దగ్గరే, కొబ్బరినీళ్లు తాగుతూ కూర్చున్నప్పుడు, డ్రైవరు కారులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు.

ఆ కవరులో ఏముందో చెప్పే ముందు ఒక్కమాట. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకి కూలీలు కావాల్సి వచ్చారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమందిని మన దేశం నుంచి ఓడల్లో తీసుకెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, మగవాళ్లకి మొదట్లో నెలకి అయిదు రూపాయల జీతం. మనవైపు నుంచి కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఎక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్లకి ‘కోరంగి వాళ్లు’ అని పేరుపడింది. అవి 1832-33 డొక్కల కరువు దాటిన రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. పక్కనే గోదారి పోతున్నా పొలానికి నీరందని కాలం అది. 1839లో తుపాను ఆ కోరంగినీ ఊడ్చేసింది.

ఓడ దిగినవాళ్లు పోర్ట్‌లూయీలో మెట్లెక్కి వచ్చిన చోటు ఇప్పుడు ‘ఆప్రవాసీ ఘాట్’. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్ల వివరాలు రాసిన పాత రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వెతుక్కుంటే పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ దొరకవచ్చు. అట్లా తీసుకున్న నకలే ఆ కవరులోది.

పేరు తెలుస్తోంది. ఓడ ఎక్కిన చోటు మద్రాసు. ఊరి పేరు ఇంగ్లీషులో, గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు... ‘కోవూర్’. జిల్లా రాసినచోట సిరా అలుక్కుపోయింది.

‘‘మీది కొవ్వూరు అన్నారు కదా సర్. ఇదేనా?’’

నాకు గొంతు తడారిపోయింది. ‘ఇదే’ అనేస్తే చాలు. మనిషి ముఖం వెలిగిపోతుంది. ఎవరు తిరిగి అడుగుతారు? మా ఆవిడ నా వైపు చూస్తోంది. ఆవిడ కళ్లలోనూ అదే... అనేయండి అని.

అనలేకపోయాను. నెల్లూరు దగ్గర ఇంకో కోవూరు ఉంది. మద్రాసులో ఎక్కినవాడంటే ఆ కోవూరు అయ్యే అవకాశమే ఎక్కువ. అలాగని మనవైపు వాళ్లు మద్రాసు వెళ్లి ఎక్కలేదనీ చెప్పలేం. ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు తరాలుగా ఊరి కోసం వెతుక్కుంటున్న మనిషికి నా పుణ్యమా అని రెండు ఊళ్లయ్యాయి.

కాసేపు జలపాతం హోరు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత అతను కాగితం, కలం ఇచ్చాడు. ‘‘రెండూ తెలుగులో రాసివ్వండి.’’ పెద్ద అక్షరాలతో రాశాను. కొవ్వూరు... గోదావరి. కోవూరు... పెన్నా. రెండూ ఏటి ఒడ్డు ఊళ్లే అని అప్పుడే తట్టింది, అదీ చెప్పాను.

‘‘అయితే మా ముత్తాత నీళ్లున్న ఊరి నుంచే వచ్చాడన్నమాట’’ అని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 2027 గోదావరి పుష్కరాలకి వస్తాడట. ముందు మా రేవులో మునిగి, తర్వాత నెల్లూరు వెళ్తాడట.

తిరుగుదారిలో ఆ నల్లరాళ్ల గుట్టలు మళ్లీ కనిపించాయి. మా ఆవిడ కారు ఆపించింది. దిగి, ఒక గుట్ట దగ్గరికి వెళ్లి, రాయి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ‘‘వేడిగా ఉందండీ’’ అంది వచ్చి కూర్చుంటూ.

మారిషస్ వెళ్లేవాళ్లు చమరెల్ తప్పక చూడండి. డ్రైవరు పేరూ ఊరూ కూడా అడగండి. ఆయన కవరు తీస్తే మాత్రం, తెలిసింది మాత్రమే చెప్పండి.