పట్నం కాపురంలో మీ వాటా ఎంత?

పట్నంలో ఉద్యోగం అనగానే పెళ్ళిచూపుల్లో అబ్బాయికి సగం మార్కులు పడిపోతాయి. "మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుందండీ" అని నలుగురిలో చెప్పుకోవడం కన్నవాళ్ళకి ఒక ముచ్చట. ఆ అమ్మాయేమో కాపురానికి వచ్చిన ఆరు నెలలకే "ఇక్కడేముందమ్మా, నాలుగు గోడలు తప్ప" అని ఫోనులో నిట్టూరుస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే ఊరిని చెరో వైపు నుంచీ చూస్తున్నారు, అంతే!

పిల్లల పరీక్షలు అయిపోయే రోజులకి చాలా ఇళ్ళల్లో ఈ చర్చ మొదలవుతుంది. పట్నం వెళ్ళిపోదామా, ఇక్కడే ఉందామా? పిల్లల చదువు కోసం వెళ్దామని ఆయన, ఉన్న ఊరు కన్నతల్లి అంటారు కదా ఎందుకు కదలడం అని అత్తగారు. మధ్యలో మనం.

నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి పెరిగాను. 2003లో పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. అంటే ఇరవై ఏళ్ళు దాటింది. చదివింది ఇంటరే అయినా ఇల్లు నడిపిన అనుభవం ఉంది కాబట్టి నాకు తోచిన మాట చెబుతాను. పట్నం మంచిదా, చెడ్డదా అని అడగకండి. ఇంట్లో ఎవరికి ఏం వస్తుంది, ఎవరికి ఏం పోతుంది అని ఒక్కొక్కరి పేరునా లెక్క వేయండి. చాకలిపద్దు రాసుకుంటాం చూడండి, అలాగన్నమాట.

లాభాల పద్దు

మొదటిది వైద్యం. పసిపిల్లలకి నిలోఫర్, పెద్ద జబ్బులకి నిమ్స్, క్యాన్సర్‌కి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి. ఇవన్నీ ప్రభుత్వానివే. జిల్లాల నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, తెల్లవారకుండానే చీటీ కోసం నిలబడేవాళ్ళని చూస్తే, ఇక్కడే ఉన్నవాళ్ళకి అది ఎంత పెద్ద ఆసరాయో తెలుస్తుంది.

రెండోది చదువు. ముఖ్యంగా ఆడపిల్లల చదువు. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమే అయింది. డిగ్రీకి పిల్లని హాస్టల్లో పెట్టి, రోజూ దిగులుపడే పని లేకుండా, ఇంట్లో అన్నం తిని బస్సెక్కి కాలేజీకి పోతుంది. ఊళ్ళో అయితే "అంత దూరం ఎందుకులే, సంబంధాలు చూద్దాం" అనేవాళ్ళు నలుగురుంటారు. ఇక్కడ ఆ నలుగురూ లేకపోవడం కూడా లాభమే!

మూడోది రాకపోకలు. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. 2020 ఫిబ్రవరికల్లా మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్‌కి, నాగోలు నుంచి రాయదుర్గానికి, జూబిలీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కి మూడు దారులూ తెరుచుకున్నాయి. ఆడవాళ్ళకి విడిగా చోటుంది. ఇక 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టిక్కెట్టు డబ్బులు లేవు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకమే వచ్చింది. బస్సు ఛార్జీకి చెయ్యి చాచే అవసరం తప్పడమంటే మాటలా!

నాలుగోది బేరం. వెల్లుల్లి, జీలకర్ర, స్టీలు సామాను బేగంబజారులో టోకు ధరకి దొరుకుతాయి. కూరలకి రైతుబజార్లున్నాయి. 1999లో మొదలైనవి ఇప్పటికీ మధ్యతరగతి ఇల్లాలికి కొండంత అండ. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, ఎక్కడికి వెళ్ళినా ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. మోసపోతామన్న భయం లేదు.

నష్టాల పద్దు

ఎంత చెట్టుకి అంత గాలి. జీతం రెండింతలయిందని సంబరపడితే, అద్దె, మెయింటెనెన్సు, స్కూలు ఫీజు, బస్సు ఫీజు అని నెల మొదటి వారంలోనే సగం ఎగిరిపోతుంది. ఇంట్లో చేరేముందే అడ్వాన్సు, బ్రోకరుకి కమీషను, సామాను లారీ కిరాయి. ఊళ్ళో పెరట్లో తెంపుకొచ్చే కరివేపాకు, పక్కింటి నుంచి వచ్చే గిన్నెడు మజ్జిగ, పొలం నుంచి వచ్చే బస్తా బియ్యం, ఇవేవీ మనం ఖర్చులో రాసుకోం. పట్నం వచ్చాకే వాటి ఖరీదు తెలుస్తుంది.

నీళ్ళ సంగతి సరేసరి. హైదరాబాదుకి కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకి పైగా గొట్టాల్లో ప్రయాణం చేసి వస్తాయి. అంత దూరం నుంచి వచ్చే నీళ్ళు రోజూ రావు. చాలా పేటల్లో రోజు విడిచి రోజే. వేసవిలో ట్యాంకరు కోసం ఫోను పట్టుకుని కూర్చోవాలి. బోరు నీళ్ళతో సరిపెట్టుకుందామంటే కందిపప్పు ఎంతకీ ఉడకదు, గిన్నెలకి తెల్లటి పొర కడుతుంది. (పప్పుకి నల్లా నీళ్ళు విడిగా పట్టి ఉంచుకోండి. అరగంట నానబెట్టాక కుక్కర్లో పెట్టండి. గిన్నెల పొరకి పిండేసిన నిమ్మచెక్కలు, చింతపండు తుక్కు వేసి నీళ్ళు మరిగిస్తే వదులుతుంది.)

ఇక వరద. 1908లో మూసీ ఊరిని ముంచెత్తితేనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అయినా 2020 అక్టోబరు వానకి ఎన్ని ఇళ్ళల్లో బియ్యం డబ్బాలు తేలాయో చూశాం. చెరువులు పూడ్చిన చోట ఇళ్ళు లేస్తే నీళ్ళు మాత్రం ఎటు పోతాయి?

అన్నిటికన్నా పెద్ద నష్టం రూపాయల్లో రాయలేనిది. మనుషులు. గోడకి అవతల ఉన్నావిడ పేరు ఏడాదైనా తెలియదు. జ్వరం వస్తే మందులు పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తాయి గానీ, గ్లాసుడు జావ కాచి ఇచ్చేవాళ్ళు రారు.

ఇప్పుడు వాటాలు వేయండి

ఇంటాయనకి ఆఫీసుంది, అక్కడ స్నేహితులున్నారు. ట్రాఫిక్కులో విసుగు ఉన్నా, రోజుకి పదిమందితో మాట్లాడి వస్తారు. పిల్లలకి స్కూలుంది. ఆడుకోవడానికి చోటు తక్కువైనా, జట్టు దొరుకుతుంది. పట్నం లాభాలన్నీ గడప దాటినవాళ్ళకే అని ఇక్కడే అర్థమవుతుంది. గడప దాటని వాళ్ళకి మిగిలేవి అద్దె బిల్లూ, నీళ్ళ బిందె.

గడప దాటని వాళ్ళు ఇంట్లో ఇద్దరే. ఒకరు పెద్దవాళ్ళు, రెండోవారు మనం.

మా అత్తగారి సంగతి చెబుతాను. మామగారు పోయాక 2016లో ఆవిడని మా దగ్గరికి తీసుకొచ్చాం. మూడో అంతస్తులో ఇల్లు. ఊళ్ళో ఏ ఇంట్లో పురుడైనా, ఆవకాయ కొలతలైనా ఆవిడనే పిలిచేవారు. ఇక్కడ పొద్దున్నే స్నానం చేసి, కుర్చీలో కూర్చుని, వీధి వైపు చూసేవారు. అన్నం తగ్గిపోయింది. డాక్టరు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒకరోజు నేనే మెల్లగా అడిగితే, "ఇక్కడ నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నారు. ఆ మాట వాళ్ళబ్బాయితో చెప్పాను. ఊళ్ళో ఇంటికి బేరం వచ్చి ఉన్న రోజులవి. ఆ బేరం ఆపించాం. అప్పటినుంచి మాఘమాసం నుంచి ఆవకాయ రోజుల దాకా, మళ్ళీ కార్తీకంలోనూ ఆవిడ ఊళ్ళోనే. మిగతా నెలలు మా దగ్గర. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను ఇక్కడే అయింది. కట్టు విప్పిన వారానికి ఆవిడ నవ్వుతూ, "కళ్ళు మీ పట్నం ఇచ్చింది. చూసుకోవాల్సిన మనుషులు ఊళ్ళో ఉన్నారు, బస్సెక్కించండి" అన్నారు. లాభం, నష్టం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి కదూ?

ఇక మన వాటా. పిల్లల స్కూలు బస్సు ఏడింటికి వస్తుందంటే అయిదింటికే పొయ్యి వెలిగించాలి. నాలుగు క్యారియర్లు సర్దాక, తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా మనమూ, టి.వి.యే. ఊళ్ళో పని ఎక్కువే అయినా అది నలుగురి మధ్యా సాగేది. ఇక్కడ పని తక్కువై, పలకరింపు కరువవుతుంది. ఆయన జీతం పెరిగింది, పిల్లాడికి సీటొచ్చింది, మరి నీకేం వచ్చిందమ్మా అని ఎవరూ అడగరు. అందుకే మన వాటా మనమే అడిగి పుచ్చుకోవాలి.

ఎలా అంటారా? ఇవి నేను ఆచరించినవీ, చుట్టుపక్కల చూసినవీ.

వచ్చిన మొదటి నెలలోనే మీ పేట మీదుగా వెళ్ళే బస్సుల నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వారానికి ఒక పూట తోడు లేకుండా వెళ్ళిరండి. రైతుబజారుకే అయినా సరే. దారి తెలిసిన ఊరు సగం మన ఊరే. ఎవరైనా ఇబ్బంది పెడితే 112, ఆడవాళ్ళ కోసం ఉన్న 181 నంబర్లు గుర్తుంచుకోండి. 2014 నుంచి షీ టీములు కూడా పనిచేస్తున్నాయి.

అద్దె ఇల్లు చూసేటప్పుడు వంటగది అలమారాలు తర్వాత చూడండి. ముందు నల్లా ఏ రోజు వస్తుందో, 2020 వానకి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో కింది వాటావాళ్ళని అడగండి. ఇల్లుగలవాళ్ళు చెప్పకపోయినా వాళ్ళు చెబుతారు.

ఇరుగుపొరుగు వాళ్ళంతట వాళ్ళు తలుపు తట్టరు. మనమే తట్టాలి. అట్లతద్దికో, వరలక్ష్మీవ్రతానికో పదిమందిని పేరంటానికి పిలవండి. శనగలూ, తాంబూలంతో మొదలైన పరిచయమే రేపు ఆపదలో ఆదుకుంటుంది.

చదువు మధ్యలో ఆగినవాళ్ళు 1982లో పెట్టిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి కనుక్కోండి. ఇంటిపని చూసుకుంటూనే డిగ్రీ చేయొచ్చు. దీని కేంద్రాలు జిల్లాల్లోనూ ఉన్నాయి కాబట్టి పట్నం రానివాళ్ళు కూడా చేయొచ్చు. అన్నీ పట్నంలోనే ఉన్నాయనుకోకండి. దూరపు కొండలు నునుపు.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పట్నం వస్తున్నామని ఊళ్ళో ఇల్లు వెంటనే అమ్మకండి. కనీసం రెండు వేసవులు, రెండు వానాకాలాలు ఇక్కడ గడిచాక ఆలోచించండి. పెద్దవాళ్ళ సంతకం అడిగే ముందు, వాళ్ళ మనసు అడగండి.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లో వాళ్ళందరి పేర్లూ రాయండి. పేరు పక్కనే వచ్చేది, పోయేది రాయించండి. మీ పేరు ఎదుట ఖాళీగా ఉంటే మాత్రం, అది నిండేదాకా లారీ మాట్లాడనివ్వకండి. ఏమంటారు?